చాకు, గ్యాసు మీట, నేను చెప్పని సగం

ఒకప్పుడు నా ఫోనులో మా వంటింటి గ్యాసు రెగ్యులేటరు ఫోటోలు 2,700 దాకా ఉండేవి. బెంగళూరులో మారతహళ్లి దగ్గరి మా ఇంటి నుంచి ఆఫీసుకు బయలుదేరే ముందు, మీట కట్టేసి ఉందనడానికి రుజువుగా ఒక ఫోటో తీసుకునేదాన్ని. బస్సెక్కి కూర్చున్నాక దాన్ని తీసి చూసుకుంటే, ఇది ఇవాళ తీసిందేనా, నిన్నటిది చూస్తున్నానా అన్న అనుమానం వచ్చేది. తేదీ, సమయం కళ్ల ముందే ఉన్నా, ఫోటో తీసిన తర్వాత నా చెయ్యి తగిలి మీట మళ్లీ తిరిగిందేమోనన్న మరో అనుమానం దాని వెనకే వచ్చేది. కొన్నాళ్లకు ఆ ఒక్క ఫోటో నాలుగయింది, ఆ తర్వాత వీడియో అయింది. ఆ వీడియోలో “కట్టేశాను, కట్టేశాను, కట్టేశాను” అని నా గొంతు కూడా వినబడుతుంది. అయినా సిల్క్‌బోర్డు రాకముందే దిగిపోయి, అవతలి వైపు బస్సెక్కి ఇంటికి వచ్చేసిన రోజులున్నాయి.

నాకున్నది ఓసీడీ, అంటే అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అని 2023 ఏప్రిల్‌లో తేలింది. వద్దన్నా తిరిగితిరిగి వచ్చే తలంపులు, వాటి భయం తగ్గించుకోవడానికి చేసిన పనే మళ్లీమళ్లీ చెయ్యడం, ఇదీ ఆ జబ్బు. అది మొదలైంది మాత్రం 2011లో, హిందూపురంలో డిగ్రీ చదువుతున్నప్పుడు. మధ్యలో పన్నెండేళ్లు ఎలా గడిచిపోయాయో, ఆ తర్వాత వైద్యం ఎలా జరిగిందో వివరంగా రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఎందుకంటే ఆ పన్నెండేళ్లలో ఈ జబ్బు గురించి తెలుగులో నా కంటబడినదంతా పదేపదే చేతులు కడుక్కునేవాళ్ల గురించే. నాకు శుభ్రత పట్టింపు ఏనాడూ లేదు. కాబట్టి ఇది నా జబ్బు కాదనుకుని ఆ పేజీ మూసేసేదాన్ని.

మా ఇంట్లో దీనికి వేరే పేర్లుండేవి. పరీక్షకు వెళ్లేముందు హాల్‌టికెట్టు సంచిలో ఉందో లేదో పదిహేనుసార్లు చూసుకుంటే నాన్న “జాగ్రత్త గల పిల్ల” అని మెచ్చుకునేవారు. రాత్రి తలుపు గడియ పెట్టి, పడుకుని, మళ్లీ లేచి వెళ్లి చూస్తే అమ్మ “చాదస్తం, అచ్చం మా అత్తే” అనేది. పెళ్లయ్యాక అత్తగారు “అనుమానం మనిషి” అన్నారు. ఇవేవీ తిట్లు కావు, అందరూ ప్రేమగా అన్న మాటలే. కానీ ఒక్కొక్క పేరూ దాన్ని నా స్వభావంగా నిలబెట్టింది. స్వభావానికి మందుంటుందని ఎవరనుకుంటారు?

2021 జనవరిలో మా అబ్బాయి పుట్టాడు. వాడికి ఐదో నెల నడుస్తుండగా ఒక సాయంత్రం నేను వంటింట్లో బీరకాయ తరుగుతున్నాను. వాడు గడప అవతల చాప మీద బోర్లా పడి, తల పైకెత్తి నన్ను చూసి నవ్వాడు. సరిగ్గా అప్పుడు, ఈ చాకుతో వీణ్ని పొడిచేస్తే అన్న తలంపు వచ్చింది. అది మాటలతో ఆగలేదు, బొమ్మలా కూడా వచ్చింది. చాకూ, వాడి చొక్కా మీది పసుపురంగు బాతూ, ఆ తర్వాత జరిగేదీ అంతా కనబడింది. చాకు సింకులో పడేసి, అత్తగారిని కేకేసి, బాబును ఎత్తుకుని లోపలి గదిలోకి వెళ్లమన్నాను. ఎందుకని ఆవిడ అడిగితే కళ్లు తిరుగుతున్నాయన్నాను.

ఆ రాత్రే చాకును పాత పేపరులో చుట్టి అటక మీద పెట్టేశాను. అది మొదలు రెండేళ్లకు పైగా మా ఇంట్లో చాకు లేదు. బెండకాయలు చేత్తో తుంచాను, క్యారెట్లు తురిమాను, తరిగి అమ్మే కూరముక్కలు కొన్నాను. మణికట్టు నొప్పి అని ఇంట్లో చెప్పుకున్నాను. బాబుకు ఒంటరిగా స్నానం చేయించడం మానేశాను. రోజంతా జరిగినదాన్ని పడుకునే ముందు మొదటినుంచి తలచుకుని, వాడికి నేనేమీ చెయ్యలేదని నిర్ధారణ చేసుకునేదాన్ని. దేవుడి పేరు సరిగ్గా 21 సార్లు అనుకోవాలి, మధ్యలో ఆ బొమ్మ కనబడితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. నిద్రలో లేచి ఏదైనా చేస్తానేమోనని, అందరూ పడుకున్నాక నా కుడి మణికట్టును చున్నీతో మంచం కోడుకు కట్టుకున్న రాత్రులు కూడా ఉన్నాయి.

2022లో మా ఆయన బలవంతం మీద ఇంటికి దగ్గర్లోని ఒక క్లినిక్‌కు వెళ్లాం. గ్యాసు సంగతీ, తాళం సంగతీ చెప్పాను. చాకు సంగతి చెప్పలేదు. చెబితే బిడ్డను నా దగ్గర ఉండనివ్వరని, పోలీసులదాకా వెళుతుందని గట్టిగా నమ్మాను. ఆ డాక్టరు పది నిమిషాలు విని, పని ఒత్తిడికి తోడు నిద్ర చాలడం లేదని చెప్పి, ఒక నిద్రమాత్ర రాసి, “ఆలోచించడం తగ్గించుకోండమ్మా” అన్నారు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది. ఆ మాత్రతో రాత్రి నిద్రపట్టేది, కానీ పగలంతా మత్తుగా ఉండేది, ఆ మత్తులో మీట కట్టానో లేదో మరీ గుర్తుండేది కాదు. ఫోటోలు బాగా పెరిగింది ఆ నెలల్లోనే. దాచింది నేనే, నిజమే. అయినా, “పైకి చెప్పడానికి భయపడే తలంపులేమైనా వస్తున్నాయా?” అని అక్కడ ఒక్కసారి అడిగి ఉంటే నాకు ఒక ఏడాది కలిసివచ్చేది. ఈ జబ్బుతో వచ్చిన ప్రతి మనిషినీ ఆ ప్రశ్న అడిగి తీరాలని నేను నమ్ముతున్నాను.

దాచిన ఆ సగం మొదటిసారి పైకి చెప్పింది 2023 మార్చిలో, ముఖం తెలియని ఒక మనిషికి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416 నంబరులో రోజంతా పనిచేస్తుంది. అందులో భాష ఎంచుకునే వీలుంది, నేను తెలుగు ఎంచుకున్నాను. స్నానాలగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడు మాటున మాట్లాడాను. అవతలి అమ్మాయి తొందరపెట్టకుండా విని, నాకు చనిపోవాలనిపిస్తోందా అని అడిగింది, లేదన్నాను. బాబుకు ఏదైనా చెయ్యాలని ఉందా, చేస్తానేమోనని భయంగా ఉందా అని అడిగింది. ఆ రెండూ వేరువేరని నాకు అప్పటిదాకా తోచలేదు. “భయం” అన్నాను. “ఇదే మాట, ఇలాగే, సైకియాట్రిస్టుకు చెప్పండక్కా” అంది.

హోసూరు రోడ్డులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ముందు నుంచి ఎన్నోసార్లు బస్సులో వెళ్లాను కానీ, లోపలికి వెళ్లాల్సి వస్తుందని అనుకోలేదు. 1974 నుంచి ఆ పేరుతో నడుస్తున్న ఆ సంస్థలో ఓసీడీకి విడిగా ఒక క్లినిక్ ఉందని అప్పుడే తెలిసింది. ఉదయం వరుసలో నిలబడితే చుట్టూ తెలుగే వినబడింది. అనంతపురం, మదనపల్లె, చిత్తూరు నుంచి రాత్రి బస్సుల్లో వచ్చినవాళ్లు. నా పక్కన ఒక పెద్దాయన స్టీలు డబ్బా మూత తీసి, పాతికేళ్ల కొడుకుకు చిత్రాన్నం కలిపి ముద్దలు పెడుతున్నాడు. ఆ అబ్బాయి చేతులు రెండూ గాలిలో, దేనికీ తగలకుండా పట్టుకుని కూర్చున్నాడు.

లోపల ఒక యువ డాక్టరు గంటకు పైగా అడిగి రాసుకున్నారు. ఆ తలంపు నా మనసులోదేనని అనిపిస్తుందా, ఎవరో పెట్టినట్టుంటుందా? చెవిలో గొంతులు వినబడుతున్నాయా? బాబులో ఏదో చెడు ఉందని, వాడు లేకపోతే మేలని ఎప్పుడైనా నమ్మానా? ఆ బొమ్మ కనబడ్డాక దగ్గరికి వెళతానా, దూరంగా పోతానా? ఆ ప్రశ్నలు ఎందుకో తర్వాత పెద్ద డాక్టరుగారు చెప్పారు. కాన్పు తర్వాత కొందరికి సైకోసిస్, అంటే ఏది నిజమో ఏది భ్రమో తెలియని స్థితి వస్తుంది, అందులో బిడ్డకు నిజంగానే ప్రమాదం ఉండవచ్చు, కాబట్టి అది అత్యవసరంగా చూడాల్సిన పరిస్థితి. నాది అది కాదు. తలంపు నాదేనని నాకు తెలుసు, అది నాకు ససేమిరా పడదు, దాని నుంచి పారిపోవడానికే నా శక్తంతా పోతోంది. థైరాయిడ్‌తో సహా రక్తపరీక్షలు చేయించారు. కుంగుబాటు కొంత ఉందన్నారు. రోజుకు మొత్తం ఎంతసేపు దీనికి పోతోందని అడిగితే, నేను లెక్క వేసి చూసుకుని నాలుగు గంటలన్నాను. గంటకు మించి కాలం పోతున్నా, పనికీ సంసారానికీ అడ్డం పడుతున్నా జబ్బుగానే చూస్తారని అప్పుడు తెలిసింది.

తర్వాత యేల్-బ్రౌన్ స్కేలు. ఓసీడీ ఎంత తీవ్రంగా ఉందో చూడడానికి, 1989లో ప్రచురితమై ప్రపంచమంతటా వాడే కొలత అది. మొదట లక్షణాల పొడవైన జాబితా ఉంటుంది. డాక్టరు ఒక్కొక్కటే చదువుతూ తెలుగులో చెబుతూ వెళుతున్నారు. మధ్యలో, తెలిసినవారిని పొడిచేస్తానేమోనన్న భయం అని చదివారు. నేను లేచి ఆ కాగితం నా చేతిలోకి తీసుకుని చూశాను. అచ్చులో ఉంది. నేను చున్నీతో చెయ్యి కట్టుకున్న రాత్రులకు ముప్ఫై ఏళ్ల ముందే ఎవరో దాన్ని అచ్చువేశారు. అంటే నాకంటే ముందు ఎందరో డాక్టర్ల ముందు కూర్చుని ఇది చెప్పి ఉండాలి. అక్కడే కూర్చుని చాలాసేపు ఏడ్చాను. మా ఆయన బయట ఉన్నారు, ఆయన్ను లోపలికి పిలిపించి, డాక్టరుగారి ఎదురుగానే చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనకుండా, “అటక మీది చాకు అందుకేనా?” అన్నారు. ఆయనకు అది ఎప్పుడో కనబడిందట.

ఆ స్కేలులో పది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా మార్కులు, మొత్తం 40. నాకు 27 వచ్చింది. 24 నుంచి 31 మధ్య తీవ్రమైనది కింద లెక్క.

మందు సెర్ట్రాలిన్. 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారాల తరబడి పెంచుతూ 200కు తీసుకువెళ్లారు. కుంగుబాటుకు సరిపోయే మోతాదు ఓసీడీకి తరచూ చాలదని, ఫలితం తేలడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుందని ముందే చెప్పారు. ఆ మాట ముందే తెలియడం ఎంత మేలో చెప్పలేను, లేకపోతే మూడో వారంలోనే మానేసేదాన్ని. మొదటి రెండు వారాలు వికారం, విరేచనాలు. ఆ తర్వాత అవి సర్దుకున్నాయి కానీ దాంపత్యంలో ఆసక్తి తగ్గడం చాలాకాలం ఉంది. దాన్ని కూడా సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పాలి. పాత నిద్రమాత్రను నెమ్మదిగా తగ్గిస్తూ మాన్పించారు. పన్నెండు వారాలకు నా మార్కులు 20. తలంపులు పోలేదు, అవి పిలిచినప్పుడల్లా లేచి పరుగెత్తాల్సినంత గట్టిగా మాత్రం పిలవడం లేదు.

అసలు పని ఆ తర్వాత సైకాలజిస్టు దగ్గర జరిగింది. ఆవిడది చింతామణి, ఇంట్లో తెలుగు, బయట కన్నడం. ఈ పద్ధతిని ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ అంటారు, క్లుప్తంగా ఈఆర్పీ. భయపెట్టేదానికి ఎదురుగా నిలబడాలి, భయం తగ్గించుకోవడానికి అలవాటుగా చేసే పనిని చెయ్యకూడదు. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ ఇద్దరు రోగుల విషయంలో ఇలా చేసి రాసిన నివేదికతో ఈ వైద్యానికి దారిపడింది. భయాలన్నీ రాసి, ఒక్కోదానికి 0 నుంచి 100 దాకా అంకె వేయమన్నారు. ఫోటో లేకుండా ఇల్లు కదలడం 60, చాకు సొరుగులో ఉండడం 65, బాబు ఎదురుగా చాకు పట్టుకోవడం 100.

రెండో వారంలో, నా భయాన్ని పూర్తిగా ఒక పేజీ రాసి, నా గొంతుతో రికార్డు చేసుకుని రోజూ అరగంట వినమన్నారు. ఆఫీసు అలవాటు కొద్దీ ఇంగ్లీషులో రాసుకువెళ్లాను. చదువుతుంటే ఎంత భయం అని అడిగారు. 30 అన్నాను. ఆవిడ కాగితం వెనక్కి ఇచ్చి, “ఆ తలంపు మీకు ఏ భాషలో వస్తుంది?” అన్నారు. తెలుగులో రాయడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. “నేను నా కొడుకును పొడిచేస్తానేమో. చెయ్యనని నాకు ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ హామీ లేకుండానే వాడికి అన్నం పెడతాను, వాడి పక్కన పడుకుంటాను.” మొదటి వాక్యం చదివేటప్పుడు నా అంకె 95. ఇంగ్లీషులో అది ఎవరిదో కథలా ఉంది, తెలుగులో అది నేను. మన భాషలో చికిత్స దొరకడం సౌకర్యం కోసమని అంతకుముందు అనుకునేదాన్ని. ఈ జబ్బు విషయంలో చికిత్స తగలాల్సిన చోటే భాషలో ఉంది. తెలుగువాళ్లు ఏ ఊళ్లో ఉన్నా, ఈఆర్పీ చేసేవారు ఇంగ్లీషులోనే మాట్లాడినా సరే, ఆ పేజీ మాత్రం తెలుగులోనే రాసుకోవాలని పట్టుబట్టి చెబుతాను.

ఆ రికార్డు వింటూ దేవుడి పేరు అనుకోకూడదు, “నేనలా చెయ్యను కదా” అని సర్దిచెప్పుకోకూడదు. అదే అన్నిటికంటే కష్టం. అమ్మ కదిరి నుంచి రక్షరేకు తెచ్చి నా మెడలో కట్టింది. తీసెయ్యాలా అని అడిగితే సైకాలజిస్టు, “భక్తితో కట్టుకుంటే ఉండనివ్వండి, తలంపు వచ్చినప్పుడల్లా దాన్ని ముట్టుకుంటే మాత్రం అదీ గ్యాసు ఫోటో లాంటిదే” అన్నారు. నేను ముట్టుకుంటూనే ఉండేదాన్ని. అది ఇప్పుడు పూజగదిలో ఉంది, రోజూ దీపం పెట్టేటప్పుడు దణ్ణం పెట్టుకుంటాను.

మా ఆయనను కూడా రెండు సెషన్లకు పిలిచారు. “ఏమండీ, గ్యాసు కట్టానా?” అని నేను రోజుకు ఇరవైసార్లు అడిగితే ఇరవైసార్లూ “కట్టావు, నేను చూశాను” అని ఓపికగా చెప్పిన మనిషి ఆయన. ఆ ఓపికే జబ్బుకు మేత అవుతోందని వినడం ఆయనకు కష్టమైంది. ముగ్గురం కలిసి ఒక మాట అనుకున్నాం: “నీ భయం నాకు తెలుస్తోంది, దానికి నేను జవాబు చెప్పను.” మొదటి వారం ఆ మాట విన్నప్పుడల్లా ఆయన మీద అరిచాను. ఒక రాత్రి ఆయన ఆ మాట చెప్పి, పక్కగదిలోకి వెళ్లి కళ్లు తుడుచుకోవడం చూశాను.

ఫోటోలు ఒకేరోజు సెషన్‌లో కూర్చుని తీసేశాను. ఆ తర్వాత మీట ఒక్కసారి తిప్పడం, ఒక్కసారి చూడడం, తలుపు వేసుకుని వెళ్లిపోవడం. మొదటి రోజు బస్సులో సిల్క్‌బోర్డు దాటేసరికి చేతులు చల్లబడ్డాయి, అయినా దిగలేదు.

చాకు విషయం డిసెంబరుదాకా పట్టింది. ముందు అది అటక దిగింది, చుట్టిన పేపరు మీద 2021 తేదీ ఉంది. కొన్నాళ్లు సొరుగులో, కొన్నాళ్లు గట్టు మీద, బాబు పక్కగదిలో ఉండగా చేతిలో. బెంగళూరులో అది అనపకాయల కాలం. ఒక ఆదివారం వాడు నా పక్కనే పీట వేసుకుని, నానబెట్టిన అనపగింజలు పితకడం నేర్చుకుంటున్నాడు, తోలు వదిలి గింజ ఎగిరి నా ఒళ్లో పడితే పకపకా నవ్వుతున్నాడు. నేను బీరకాయ ముందు పెట్టుకుని చాకు తీశాను. భయం 85. బొమ్మ వచ్చింది, పోలేదు. దాన్ని రానిచ్చి, ముక్క తర్వాత ముక్క తరిగాను. నలభై నిమిషాలకు భయం 35 అయింది, అప్పటికి పక్కింటివాళ్లకు కూడా సరిపడేన్ని బీరకాయ ముక్కలయ్యాయి.

2024 మేలో నా మార్కులు 9. మందు ఇంకా వేసుకుంటున్నాను. బాగయ్యాక కూడా కనీసం ఒకటి రెండేళ్లు కొనసాగించి, ఆ తర్వాతే డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలన్నారు. ఒకసారి ఊరెళుతూ మాత్రలు మరిచిపోయి నాలుగు రోజులు వేసుకోకపోతే, తల తిప్పినప్పుడల్లా లోపల కరెంటు కొట్టినట్టయింది. దీన్ని సొంతంగా ఆపకూడదనడం ఎందుకో అప్పుడు అర్థమయింది.

పోయిన నెల బాబుకు జ్వరం వచ్చింది. రాత్రి పదకొండింటికి సిరప్పు కొలిచి పట్టాను. పట్టి మూత పెట్టేలోపే, గీత దాటి పోశానేమో, కావాలనే పోశానేమో అన్న అనుమానం మొదలైంది. పాత జబ్బే, కొత్త వస్తువు పట్టుకుని వచ్చింది. “ఏమండీ, ఎంత పోశానో చూశారా?” అని అడిగాను. ఆయన వాడి నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ, “నీ భయం నాకు తెలుస్తోంది” అన్నారు, మిగతా సగం చెప్పలేదు. సీసాలో మందు ఎక్కడిదాకా ఉందో చూడడానికి వంటింట్లోకి వెళ్లలేదు. భయం చాలాసేపు 70 దగ్గరే ఉంది. వాడి పక్కనే పడుకుని, కుడిచెయ్యి వాడి వీపు మీద వేశాను.